అల్లుడుగారి కొలత

ఆ రోజు నందిగామలో మా బావమరిది ఇంటి హాల్లో, గోడ మీద అంటించి ఉన్న ఒక స్టిక్కరు బొట్టుని గోటితో గీకి, వేలి మీద పెట్టుకుని అందరికీ చూపించి నవ్వాను. నేను చేసిన తప్పు అది. టీవీని తప్పు ఎత్తులో పెట్టించడం దాని తర్వాత జరిగింది. అది రెండోది, చిన్నది.

టీవీ ఎంత ఎత్తులో ఉండాలనే విషయంలో నాకు ఖచ్చితమైన అభిప్రాయాలుండేవి. నేను జగ్గయ్యపేటలో లెక్కల మాస్టర్ని. మా ఇంట్లో టీవీ గోడకి బిగించుకున్నప్పుడు సోఫాలో నిటారుగా కూర్చుని, నేల నుంచి నా కంటి వరకూ మా ఆవిడ చేత టేపుతో కొలిపించి, నలభై రెండు అంగుళాలని తేల్చి, తెర మధ్యభాగం సరిగ్గా ఆ ఎత్తుకి వచ్చేలా పెట్టించాను. అప్పట్నుంచి ఎవరింటికి వెళ్ళినా నా చూపు ముందు వాళ్ళ టీవీ మీదకే పోయేది. వాళ్ళు మంచినీళ్ళు తెచ్చిచ్చేలోపు నా తీర్పు అయిపోయేది.

మా పేటలో జనం టీవీలు పెట్టుకునే తీరు ఒక్కటీ నాకు నచ్చేది కాదు. ఒకాయన ద్వారబంధం మీద, గడియారం ఉండాల్సిన చోట పెట్టించాడు. ఆ ఇంట్లో పిల్లా పెద్దా అందరూ మబ్బు కోసం చూసే మెట్ట రైతుల్లా మొహాలు పైకెత్తి సీరియల్ చూస్తారు. ఇంకొకాయన వీధి గుమ్మానికి ఎదురు గోడకి పెట్టించాడు. ఇంట్లోవాళ్ళకి పక్కవాటుగా కనపడుతుంది, రోడ్డు మీద పోయేవాళ్ళకి శుభ్రంగా కనపడుతుంది. కొన్నది ఎవరి కోసమో చెప్పకనే చెప్పాడు. మా స్కూల్లోనే ఒకాయన వాస్తు చెప్పే మనిషిని పిలిపించుకుని, ఆ మనిషి చూపించిన మూలలో పెట్టించాడు. కిటికీ వెలుగంతా తెర మీద పడి పగలు ఏమీ కనపడదు. అందుకని కిటికీకి దుప్పటి కట్టి, మిట్టమధ్యాహ్నం లైటేసుకుని అన్నం తింటున్నారు. ఇక ఆ గోడలకి పాలరాయి రంగు ప్లాస్టిక్ పలకలు, వాటి వెనక నీలం లైట్లు, పైన బంగారు రంగు పట్టీలు. కొత్త పెళ్ళికొడుక్కి కూడా అంత సింగారం ఉండదు.

ఇవన్నీ స్టాఫ్ రూంలో అభినయం చేసి మరీ చెప్పేవాణ్ణి. నవ్వేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళకి నన్ను పిలవడం ఎందుకు తగ్గించారో మాత్రం చాలాకాలం నాకు తట్టలేదు. లెక్కల మాస్టరుకి కూడా కొన్ని లెక్కలు ఆలస్యంగా తెగుతాయి.

మా బావమరిదికి నందిగామలో పురుగుమందుల షాపు ఉంది. ఒక బుధవారం ఫోన్ చేశాడు.

"బావగారూ, నాన్న కోసం యాభై అయిదంగుళాల టీవీ తీసుకున్నా. ఆదివారం బిగించడానికి మనిషొస్తాడు. మీరూ అక్కా పొద్దున్నే వచ్చేయండి. ఎక్కడ పెట్టాలో మీరొక మాట చెప్తే అయిపోద్ది."

మా మామగారు అప్పటికి మూడు నెలలుగా మంచంలో ఉన్నారు. వానకి తడిసిన మెట్ల మీద జారి తుంటి ఎముక విరిగింది. విజయవాడలో ఆపరేషన్ చేశారు. రెండు దిళ్ళ మీద తల ఆనించుకుని పడుకోవచ్చు గానీ కూర్చుంటే అయిదు నిమిషాలకి మించి తట్టుకోలేరు. మా అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన్ని తిప్పి పడుకోబెట్టడం, స్నానం చేయించడం, తినిపించడం అన్నీ మా బావమరిది భార్యే చూసుకుంటోంది. ఆ అమ్మాయి నన్ను అన్నయ్యగారూ అంటుంది. నేను అవసరమైతే అమ్మా అంటాను, లేకపోతే ఏమీ అనను.

ఆ టీవీ కొనడానికి ఒక కారణం ఉంది. మామగారికి ఎద్దులంటే ప్రాణం. పొలం చేసిన రోజుల్లో ఒంగోలు జత పెంచి, బండలాగుడు పోటీలకి తోలుకెళ్ళేవారు. ఏడాదిన్నర క్రితం ఇక ఓపిక లేక, పాలపళ్ళతో ఉన్న ఆఖరి దూడల జతని పెనుగంచిప్రోలు వైపు ఒక రైతుకి అమ్మేశారు. పళ్ళని బట్టి వయసు కట్టే ఈ పోటీల్లో ఆ జత ఇప్పుడు ఆరు పళ్ళ విభాగంలో దిగుతోంది. సరిగ్గా ఆ ఆదివారమే పందెం. పోటీలన్నీ ఇప్పుడు ఫోన్లలో, టీవీల్లో లైవ్ వస్తాయి గదా. ఫోన్లో బొమ్మ ఆయన కంటికి ఆనదు. తన చేత్తో తవుడు తినిపించిన దూడలు ఎదిగి బండ లాగుతుంటే ఆయన కళ్ళారా చూడాలి. కొడుకు టీవీ కొన్నది అందుకే.

ఆదివారం పొద్దున జగ్గయ్యపేటలో బస్సెక్కాం. గరికపాడు నుంచి వచ్చే లారీల వెనక బస్సు నత్తలా పోతుంటే మా ఆవిడ అంది:

"అక్కడికెళ్ళి క్లాసు పీకకండి. వాళ్ళేదో అనుకునే ఉంటారు."

"అనుకునుంటే నన్నెందుకు పిలుస్తారు?"

"అల్లుడు కాబట్టి పిలిచారు. పిలవకపోతే మీరు ఆర్నెల్లు మొహం ముడుచుకుంటారని పిలిచారు."

నేను కిటికీలోంచి లారీలు లెక్కపెట్టాను.

ఆ హాలు సంగతి చెప్పాలి. పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. ఒక పక్క మెట్లు, ఇంకో పక్క భోజనాల బల్ల. వెనక గోడని ఆనుకుని మామగారి మంచం, ఎందుకంటే బాత్రూం తలుపు అక్కడుంది. మంచానికి మూడడుగుల ముందు ఎత్తు వీపున్న టేకు సోఫా. సోఫాకి ఎదురుగా, హాలు ముందు భాగంలో టీవీ గోడ. అంటే మామగారు పడుకుని చూస్తే ముందు సోఫా వెనక భాగం, ఆ తర్వాతే గోడ. ఇంత స్పష్టంగా ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు గుమ్మంలో చెప్పులు విప్పుతూ నేను చూసింది సోఫానీ గోడనీ మాత్రమే. మంచం నా లెక్కలో సామాను.

టీవీ బిగించే మనిషి అప్పటికే వచ్చి డ్రిల్లు వైరు విప్పుతున్నాడు. నల్లగా, సన్నగా, మెడలో తువ్వాలుతో ఉన్నాడు. నేను గోడ దగ్గరికి వెళ్ళాను. నా తలకి మూరెడు ఎత్తున, తెల్లటి గోడ మీద ఎర్రటి స్టిక్కరు బొట్టు ఒకటి కనపడింది.

"ఇదేంటి? గోడకి పెళ్ళిచూపులా?" అన్నాను.

మా బావమరిది నవ్వాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అతని భార్య కూడా నవ్వబోయింది. "నేనే పెట్టానండి అన్నయ్యగారూ. టీవీ కింద అంచు అక్కడికొస్తే బాగుంటదేమోనని."

"కింద అంచా? అంత పైనా? మెడలు విరగ్గొట్టుకుని చూడ్డానికి ఇదేమన్నా గాలిగోపురమా అమ్మా?"

టీవీ మనిషి గొంతు సవరించుకున్నాడు. "అమ్మ రెండుసార్లు చెప్పారు సార్, అక్కడే కావాలని. కిందకి వంగే బ్రాకెట్టు కూడా కావాలని తెప్పించుకున్నారు."

"ఎందుకూ, అంత ఎత్తున?" అని ఆ అమ్మాయిని అడిగాను. నా గొంతు ఎలా ఉండి ఉంటుందో నాకు తెలుసు. తప్పు లెక్క చేసిన పిల్లని బోర్డు దగ్గరికి పిలిచే గొంతు.

ఆ అమ్మాయి మంచం వైపు ఒకసారి చూసింది. తర్వాత నేల వైపు చూసింది. "ఏం లేదులెండి," అంది.

"బావగారు లెక్కలాయన. నీకేం తెలుసు, ఊరుకో," అన్నాడు మొగుడు.

అప్పుడే ఆ బొట్టుని గోటితో గీకి తీసి, వేలి మీద పెట్టి చూపించి, "చూశావా, ఇలా పుట్టిందన్నమాట ఈ ఊళ్ళో ఇంజినీరింగు," అన్నాను. టీవీ మనిషి నవ్వాడు, నవ్వకపోతే బాగుండదు కాబట్టి. ఆ అమ్మాయి లోపలికెళ్ళిపోయింది. మా ఆవిడ నన్నొక చూపు చూసి తనూ లోపలికెళ్ళింది.

"మామగారూ, మీరేమంటారు?" అని అడిగాను, ఆయన వైపు తిరగకుండానే, టేపు లాగుతూ.

"అల్లుడుగారు చెప్పాక ఇంకేముంది. కానీండి," అన్నారాయన మంచంలోంచి.

సోఫా మధ్యలో కూర్చున్నాను. నిటారుగా. నేల నుంచి కంటికి నలభై రెండు అంగుళాలు, అక్కడ కూడా. లోకమంతా నా కొలతకే సరిపోతోందని ఎంత సంతోషమేసిందో. గోడ మీద పెన్సిలు గీత గీశాను. టీవీ మనిషి రసమట్టం పెట్టి చూసి, నాలుగు చిల్లులు వేసి, బ్రాకెట్టు బిగించి, టీవీ తగిలించాడు. వంగే బ్రాకెట్టుని వంచకుండా తిన్నగా పెట్టించాను. ఆన్ చేస్తే బొమ్మ నా కళ్ళలోకి నేరుగా వచ్చింది.

"మామగారూ, ఎలా ఉంది?"

"బ్రహ్మాండం," అన్నారు.

మధ్యాహ్నం నాటుకోడి కూర, గోంగూర, పెరుగు. ఎక్కువే తిన్నాను. అల్లుడికి వడ్డించేటప్పుడు వద్దన్నా వేస్తారు, వేసినా వద్దంటాం. తిన్నాక పక్కిళ్ళ నుంచి మామగారి పాత స్నేహితులు ఇద్దరు, వరసకి కొడుకయ్యే ఒకాయన పందేలు చూడ్డానికి వచ్చారు. మేం నలుగురం సోఫాలో సర్దుకున్నాం. మధ్య చోటు నాకే ఇచ్చారు. మా బావమరిది షాపు తెరవాలని వెళ్ళాడు.

నాలుగు పళ్ళ విభాగం నడుస్తోంది. మైకులో ఒకాయన గొంతు చించుకుని అడుగుల లెక్క చెప్తున్నాడు. వెనక నుంచి మామగారు అడిగారు:

"దాపటిది తల దించి లాగుతోందా, ఎత్తి లాగుతోందా?"

దాపటిదంటే జతలో ఎడమ వైపు ఎద్దు, కుడి వైపుది వలపటిది. వరసకి కొడుకయ్యేవాడు వెనక్కి తిరక్కుండానే అన్నాడు, "చూస్తున్నావుగా బాబాయ్, దించే లాగుతోంది."

"ఆ, ఆ. కళ్ళద్దాలు కాస్త మసకేసినయ్."

కాసేపాగి మళ్ళీ అడిగారు, తోలేవాళ్ళు ఎంతమంది ఉన్నారని. ఇంకాసేపాగి బండ పక్కకి వంకరపోతోందా అని. ఎవరో ఒకరు చెప్తూనే ఉన్నారు. పెద్దాయనకి చాదస్తం పెరిగిందనుకున్నాను. ఒకసారి నేనే చెప్పాను కూడా, "తెర ఎదురుగా ఉంది గదా మామగారూ, కాస్త పరీక్షగా చూడండి," అని. ఆయన "అలాగే" అన్నారు.

నా ఫోన్ చార్జింగ్ అయిపోయింది. హాల్లో ఖాళీగా ఉన్న ప్లగ్గు మామగారి తలవైపు, మంచం కోడు పక్కన ఉంది. దాని ముందు గొంతుక్కూర్చుని చార్జర్ పెట్టి, లేవబోతూ టీవీ వైపు తిరిగాను. నా తల అప్పుడు ఆయన దిండు ఎత్తులో ఉంది.

టీవీ లేదు. సోఫా వెనక చెక్క ఉంది. దాని పైన మూడు తలకాయలు, మధ్యలో నేను లేచొచ్చిన ఖాళీ. ఆ ఖాళీలోంచి కూడా తెర కాదు కదా, తెర అంచు కూడా కనపడలేదు. కనపడింది తెరకి పైన ఉన్న ఖాళీ గోడ. పొద్దున నేను బొట్టు గీకేసిన చోటు, అంతే.

మామగారు నన్ను చూశారు. ఆయన మొహంలో కోపం లేదు. దొంగతనం బయటపడ్డవాడిలా ఉన్నారు.

"మీకు కనపడట్లేదా?" అని మెల్లగా అడిగాను.

"వినపడుతోందిగా," అన్నారు. "మీరు కూర్చోండి. చుట్టాల్ని లేపి నేనేం చూస్తా."

పదో తరగతికి సరూప త్రిభుజాలు చెప్తాను నేను. పడుకున్న మనిషి కన్ను నేలకి రెండడుగుల ఎత్తు. మూడడుగుల దూరంలో సోఫా వీపు, మూడడుగుల ఎత్తు. పన్నెండడుగుల దూరంలో గోడ. చూపు సోఫా వీపు దాటి గోడకి తగిలేది ఎంత ఎత్తున? ఆరడుగులు. కూర్చున్నవాళ్ళ తలలు కూడా కలుపుకుంటే ఇంకో అడుగు. మా క్లాసులో వెనక బెంచీ పిల్లాడు కూడా చేస్తాడు. ఆ లెక్క నాకు చేతకాక కాదు. కన్ను అంటే నా కన్నే అనుకున్నాను. చూసేవాడంటే సోఫాలో కూర్చునేవాడే అనుకున్నాను. టీవీ ఆయన కోసం కొన్నారని తెలిసి కూడా, ఆయన మంచం దగ్గరికి ఒక్కసారి వెళ్ళి వంగి చూడాలని తోచలేదు. పేటలో గడియారం చోట టీవీ పెట్టుకున్న ఆ మనిషిని ఎంత వెక్కిరించాను. వాళ్ళింట్లో ఎవరు ఎక్కడ పడుకుంటారో నేనెప్పుడైనా అడిగానా?

వంటింట్లోకి వెళ్ళాను. ఆ అమ్మాయి పెరట్లో గిన్నెలు తోముతోంది. మా ఆవిడ ఒక్కతే ఉంది.

"మీ నాన్నగారికి టీవీ కనపడట్లేదు," అన్నాను.

"తెలుసు."

"తెలిసీ చెప్పలేదే?"

"ఎవరికి చెప్పాలి? చెప్పేలోపే గోడకి చిల్లులు పెట్టించారుగా." పాలగిన్నె మీద మూత పెట్టి, గొంతు తగ్గించింది. "ఆ పిల్ల శుక్రవారం, వాళ్ళ చెల్లెలొస్తే, ఇద్దరూ కలిసి నాన్నని బయట వసారాలో పడుకోబెట్టి, తమ్ముడు షాపులో ఉన్నప్పుడు తను ఆ మంచం మీద పడుకుని చూసింది. చెల్లెల్ని సోఫాలో కూర్చోబెట్టి మరీ చూసింది. తల మీదుగా ఎక్కడిదాకా కనపడుతుందో చూసుకుని బొట్టు పెట్టుకుంది. మామగారి మంచం మీద కోడలు పడుకున్నానని మీ అందరి ముందు ఎలా చెప్తుంది? ఆయన కూర్చున్న కుర్చీలో కూడా కూర్చోదు అది."

మా ఆవిడ పాలగిన్నెని పొయ్యి పక్కకి జరిపింది.

"ఎందుకూ అని అడిగారుగా పొద్దున. అదీ ఎందుకు."

కోడలు మామగారి మంచం మీద కూర్చోకూడదు. అల్లుడి మాటకి మామగారు ఎదురు చెప్పకూడదు. బావగారి ముందు బావమరిది పెళ్ళాం వైపు మాట్లాడకూడదు. ఇన్ని మర్యాదలు కలిసి ఒక ముసలాయన కళ్ళకి సోఫా చెక్క అడ్డంపెట్టాయి. ఆ మర్యాదలన్నిటి వల్లా లాభం పొందే మనిషి ఆ ఇంట్లో ఒక్కడే, అది నేను.

సోఫా తీసి బయట పడేద్దామనుకున్నాను. అది గుమ్మంలోంచి రాదట. గ్రిల్లు పెట్టించకముందు లోపలికెళ్ళింది. పక్కకి నెడితే బాత్రూంకి దారి ఉండదు. అందర్నీ కింద కూర్చోమంటే ఒక పక్క మామగారు ఒప్పుకోలేదు, ఇంకో పక్క మనుషులు లేచినా సోఫా వీపు ఉండనే ఉంది. ఆరు పళ్ళ విభాగం మొదలవడానికి ఇంకా గంటన్నర పడుతుందని మైకులో చెప్పారు. టీవీ మనిషికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. చందర్లపాడులో ఇంకో టీవీ బిగించడానికి వెళ్తున్నానని పొద్దున చెప్పాడు. మా బావమరిది షాపుకెళ్ళి బండి తాళం అడిగాను.

"ఏమైంది బావగారూ?"

"తప్పు పెట్టించాను. మళ్ళీ పెట్టించాలి."

అతను తాళం ఇచ్చాడు గానీ నమ్మినట్టు లేడు. నా నోటి నుంచి ఆ మాట అంతకుముందు ఎప్పుడూ విని ఉండడు.

చందర్లపాడులో ముగ్గుర్ని అడిగి ఆ ఇల్లు పట్టుకున్నాను. టీవీ మనిషి స్టూలు మీద నిలబడి గోడకి చిల్లు పెడుతున్నాడు.

"ఏం సార్, ఊడిపోయిందా?"

"ఊడలేదు. నేను చెప్పిన ఎత్తు తప్పు. అమ్మ చెప్పిన చోటే పెట్టాలి. ఇప్పుడే రావాలి."

అతను డ్రిల్లు ఆపి నా వైపు తీరిగ్గా చూశాడు. "నాకు పొద్దున్నే తెలుసు సార్. మంచం చూడగానే తెలిసింది."

"మరి చెప్పొచ్చు గదా."

"అల్లుళ్ళున్న ఇంట్లో మేం నోరెత్తం సార్. చిల్లు పెట్టమంటే పెడతాం, వచ్చేస్తాం." మళ్ళీ డ్రిల్లు మొదలుపెడుతూ అన్నాడు. "ఇవాళ తోడొచ్చేవాడు రాలేదు. ఇది అయితే గానీ కదల్లేను. ఈ టీవీ ఎత్తి పట్టుకునేవాడుంటే తొందరగా అవుద్ది."

పట్టుకున్నాను. చేతులు రెండూ పైకెత్తి, ముక్కుకి సున్నం పొడి అంటుకుంటుంటే, ఎవరిదో తెలియని ఇంట్లో. ఆ టీవీ కిటికీకి ఎదురుగా పెడుతున్నారు. మధ్యాహ్నం ఎండంతా దాని మీదే పడుతుంది. నోరు తెరవలేదు. ఆ ఇంట్లో ఎవరు ఏ వేళకి, ఎక్కడి నుంచి చూస్తారో నాకేం తెలుసు. ఇంటావిడ నాకు టీ ఇస్తూ టీవీ మనిషినడిగింది, "కొత్తగా చేరాడా ఈయన?"

"ఇవాళే చేరాడమ్మా," అన్నాడతను. "పెద్దవయసులో చేరాడు. నేర్చుకుంటాడులే."

నేను టీ తాగాను.

అతన్ని బండి వెనక ఎక్కించుకుని నందిగామ చేరేసరికి పొద్దు వాలింది. హాల్లోకి అడుగుపెడుతుంటేనే అర్థమైంది. సోఫాలో ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మామగారి జత మూడో వరసలో దిగిందట, లాగేసిందట. ఇప్పటికి రెండో స్థానంలో ఉందట. మామగారు కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నారు. ఆయన పందెమంతా అలాగే విన్నారని ఎవరో చెప్పారు. పందెం నడుస్తుంటే మాత్రం మంచం పట్టీని పట్టుకుని వదల్లేదట.

ఇక తొందర లేదు. తొందరపడాల్సిన సమయాన్ని నేను పొద్దున్నే పోగొట్టాను. అయినా టీవీ దింపించాను. షాపు నుంచి మా బావమరిది కూడా వచ్చాడు. ఎంత ఎత్తున పెట్టాలని టీవీ మనిషి అడిగాడు. ఆ అమ్మాయి వంటింటి గుమ్మంలో ఉంది. ఆమెని అడిగితే ఆమె చెప్తుంది. నీకెలా తెలుసని మొగుడో చుట్టాలో అడుగుతారు. అందుకని నేను మంచం దగ్గరికెళ్ళాను.

"మామగారూ, కాస్త జరగండి."

"ఎందుకూ?"

"పడుకుంటా."

ఆయన నన్ను అయోమయంగా చూసి, అరచేయి మంచానికి ఆనించి రెండంగుళాలు జరిగారు. "దిండు కూడా కావాలా?" అన్నారు.

"సగం ఇవ్వండి చాలు."

అల్లుడు మామగారి పక్కన మంచమెక్కి పడుకుంటే చూడని చుట్టాలు ఆ రోజు చూశారు. ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. సోఫాలో ముగ్గుర్నీ అలాగే కూర్చోమన్నాను. టీవీ మనిషి టేపు పెట్టి వేలు పైకి జరుపుతూ పోయాడు. ఇంకా, ఇంకా అంటూ ఉన్నాను. చివరికి తలల పైన అతని వేలు పూర్తిగా కనపడిన చోట ఆగమన్నాను.

"ఇది పొద్దున అమ్మ చెప్పిన ఎత్తే సార్," అన్నాడతను, అందరికీ వినపడేలా. ఆ మేలు అతను నేను అడగకుండానే చేశాడు.

"అవును," అన్నాను. "చెల్లెమ్మ సరిగ్గా చెప్పింది. నేనే వినలేదు."

బ్రాకెట్టు కిందకి వంచి బిగించాడు. సోఫాలోవాళ్ళు మెడలు పైకెత్తాల్సి వచ్చింది. ఎత్తారు. మామగారి జత లాగిన వీడియో మళ్ళీ పెట్టాం. ఎంత దూరం లాగిందో, ఎన్నో స్థానమో ఆయనకి తెలిసిపోయింది. తెలిశాక చూడ్డం వేరు. అది నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా కళ్ళద్దాలు పంచె అంచుతో తుడుచుకుని పెట్టుకున్నారు.

"చూడండి అల్లుడుగారూ, వలపటిది ఎలా ఎదిగిందో. మూపురం చూడండి. చిన్నప్పుడు దీనికి కుడితి పోస్తే తొట్టి తన్నేది." కాసేపు చూసి మళ్ళీ అన్నారు. "ఆ పగ్గం పట్టుకున్నవాడు గాడిద. మలుపు దగ్గర అదిలించకూడదు. అదిలించకపోతే మొదటిది మనదే." ఆయన తిట్టగలుగుతున్నారంటే చూడగలుగుతున్నారని. నేను ఇంకా పక్కనే పడుకుని ఉన్నాను.

బయల్దేరే ముందు వంటింటి గుమ్మం దగ్గర, మా బావమరిది వింటుండగా, "పొద్దున అన్నదానికి ఏమనుకోకమ్మా," అన్నాను. అంటుండగానే ఆ మాట మీద నాకే రోత కలిగింది. ఏమనుకోకు అంటే తప్పు చేసినవాడు చేసేదేమీ లేదు, పడ్డవాళ్ళే అనుకోవడం మానేయాలి. అందుకని మళ్ళీ చెప్పాను. "తప్పు నాది. నేను నవ్వాల్సింది కాదు."

ఆ అమ్మాయి కొంగుతో చేతులు తుడుచుకుంది. నా వైపు చూడకుండా, కానీ స్పష్టంగా అంది:

"నవ్వినందుకు కాదండి అన్నయ్యగారూ. మామయ్యగారు వింటుండగా నాకేం తెలీదనిపించారు. పొద్దుటి నుంచి పడుకునేదాకా ఆయన్ని చూసుకునేది నేను."

మా బావమరిది తల దించుకున్నాడు. ఆ మాట అన్నది అతను, అనిపించింది నేను.

తర్వాతి ఆదివారం ఒక్కణ్ణే నందిగామ వెళ్ళాను. జగ్గయ్యపేట హార్డువేర్ షాపులో పుట్టీ, గరుకు కాయితం, చిన్న బ్రష్షు, ఆ గోడకున్న రంగు డబ్బా కొనుక్కుని సంచిలో పెట్టుకెళ్ళాను. కొత్త టీవీ కింద, నేను పెట్టించిన నాలుగు చిల్లులు అలాగే ఉన్నాయి. మేస్త్రీని పిలిపిస్తానని మా బావమరిది అన్నాడు. వద్దన్నాను. షాపుకి పొమ్మని పంపించేశాను.

ఆ పని నాకు రాదు. ఆ అమ్మాయిని అడిగాను. వాళ్ళ పుట్టింట్లో గోడలకి పూతలూ రంగులూ వాళ్ళే వేసుకునేవాళ్ళట. స్టూలు తెచ్చుకుని కూర్చుని చెప్పింది: ముందు దుమ్ము ఊదాలి, చిల్లు తడపాలి, పుట్టీ కొంచెం కొంచెంగా లోపలికి నొక్కాలి, ఒకేసారి నింపితే ఆరాక కుంగుతుంది. మొదటిసారి ఎక్కువ పెట్టాను. తీయించింది. మళ్ళీ పెట్టాను. ఆరేదాకా మామగారికి అన్నం నేను తినిపించాను, ఆ అమ్మాయి కాసేపు నడుం వాల్చింది. గరుకు కాయితంతో రుద్ది, రంగు వేశాను. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. సరిపోయిందా అని ఆ అమ్మాయిని అడిగాను. గోడ దగ్గరికొచ్చి, వేలితో తడిమి చూసింది.

"ఇంకో పూత పడాలండి," అంది.

వేశాను.